బయోమెడికల్ ఇంజనీరింగు విద్యార్థులకు వేతనములు, బహుమానములు

వైద్యశాలలో రోగి గుండె కొట్టుకొను తీరును తెరపై గీతగా చూపు యంత్రము, మూత్రపిండములు చెడినవాని రక్తమును వడపోయు యంత్రము, గుండెలో చెడిన కవాటమునకు బదులుగా అమర్చు కృత్రిమ కవాటము, కాలు పోయినవాడు తొడుగుకొను కృత్రిమ పాదము, వీనినన్నిటిని మనలో చాలమంది చూచియో వినియో యున్నాము. వీనిని కల్పించువారు వైద్యశాస్త్రమును, యంత్రశాస్త్రమును కొంతకొంత గ్రహించి, ఆ రెండింటి నడుమ నిలిచి పనిచేయువారు. వారి విద్యకు బయోమెడికల్ ఇంజనీరింగు అని పేరు. జీవవైద్య యంత్రశాస్త్రమని మనము తెనిగించుకొనవచ్చును. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయందును, ఐ.ఐ.టి. హైదరాబాదునందును ఈ శాఖ కలదు.

ఈ విద్య యెట్టిదని అడుగు విద్యార్థులకంటె, దీనికి ధనసహాయము ఎవరు చేయుదురని అడుగువారే ఎక్కువ. అది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. నాలుగేండ్ల చదువు, ఆపైన రెండేండ్లు, పరిశోధన చేయువారికి మఱి అయిదేండ్లు, ఇంతకాలము కుమారునో కుమార్తెనో సంపాదనకు పంపక చదివింపగల కుటుంబములు మన ఊళ్లలో ఎన్ని యున్నవి?

మొదట మాటల భేదము తెలియవలెను. చదువుకొను కాలమున ఫీజులకును, భోజనవసతులకును ఇచ్చునది విద్యార్థి వేతనము. దీనినే స్కాలర్‌షిప్పు అందురు. పట్టము పొందిన పిమ్మట పరిశోధన చేయువానికి నెలనెలా ఇచ్చునది పరిశోధక వేతనము, అనగా ఫెలోషిప్పు. చేసిన పనిని మెచ్చి ఇచ్చునది బహుమానము. తిరిగి తీర్చవలసినది ఋణము. కొన్ని సంస్థలు ఋణమునకే "లోన్ స్కాలర్‌షిప్" అను ముద్దుపేరు పెట్టియున్నవి గనుక, దరఖాస్తు వ్రాయుటకు ముందే షరతులు చదువుకొనుట మేలు.

పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చగునవి బహుమానములే. వేతనముల సంగతి వెనుక పుటలలో ఎచ్చటనో ఉండును. నా యెన్నికలో మాత్రము వేతనమే పెద్దది. బహుమానము పని ముగిసిన పిమ్మట వచ్చును. దానిని పొందువాడు అప్పటికే గెలిచినవాడు. వేతనము ఇంకను ఏమియు చేయనివానిని నమ్మి ఇచ్చునది. ఈ రెండును ఒకే మనుష్యుని జీవితమున ఎట్లు వచ్చినవో ఒక ఉదాహరణము చూడుడు.

అమెరికా దేశమున బయోమెడికల్ ఇంజనీరింగునకు ఇచ్చు గొప్ప బహుమానములలో రస్ ప్రైజు ఒకటి. ఆ దేశపు నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగు అను సంస్థయు, ఒహాయో విశ్వవిద్యాలయమును కలిసి దీనిని ఏర్పఱచినవి. దాని మొత్తము 5 లక్షల డాలర్లు. 2001లో మొట్టమొదటి రస్ ప్రైజును పేస్‌మేకరు నిర్మాణమునకై ఇద్దఱికి ఇచ్చిరి. వారిలో ఒకడు ఎర్ల్ బ్యాకెన్, రెండవవాడు విల్సన్ గ్రేట్‌బ్యాచ్. అప్పటికి గ్రేట్‌బ్యాచ్ ఎనుబది యేండ్లు దాటిన వృద్ధుడు.

ఇతడు 1919లో జన్మించెను. రెండవ ప్రపంచ యుద్ధమున నౌకాదళములో పనిచేసి తిరిగి వచ్చునప్పటికి చదువు లేదు, కుటుంబము మాత్రము కలదు. యుద్ధము ముగియకమునుపే, 1944లో, అమెరికా ప్రభుత్వము సైనికుల పునరావాసమునకై ఒక చట్టము చేసియుండెను. జి.ఐ. బిల్లు అని దానికి వాడుక పేరు. తిరిగి వచ్చిన సైనికుడు చదువదలచిన యెడల, కళాశాలకు ఏడాదికి 500 డాలర్ల వఱకు ఫీజును ప్రభుత్వమే కట్టును. అంతటితో విడువక, అతని పోషణమునకై ఒంటరివానికి నెలకు 50 డాలర్లు, కుటుంబము కలవానికి 75 డాలర్లు ఇచ్చును. 1946 నుండి ఈ మొత్తములు 65, 90 డాలర్లకు పెరిగెను. రెండవ ప్రపంచ యుద్ధ సైనికులలో సుమారు 78 లక్షలమంది ఈ చట్టము వలన చదువో వృత్తివిద్యయో పొందిరి. వారిలో దాదాపు 22 లక్షలమంది కళాశాలలకు వెళ్లిరి. ఐతే ఈ మేలు అందఱికిని సమముగా అందలేదు. దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి సైనికులు అనేకులకు కళాశాలల తలుపులు మూసియే యుండెను.

గ్రేట్‌బ్యాచ్ ఆ వేతనముతో కార్నెల్ విశ్వవిద్యాలయమున చేఱి, 1950లో విద్యుత్ ఇంజనీరింగు పట్టము పొందెను. బిడ్డలు కలవాడు గనుక ప్రభుత్వ వేతనము చాలక, విశ్వవిద్యాలయపు పశుపరిశోధన క్షేత్రములో గొఱ్ఱెల రక్తపుపోటును, గుండెవేగమును కొలుచు పనిముట్లను అమర్చు పనికి కుదిరెను. అచ్చటికి వచ్చిన శస్త్రవైద్యులతో మాటలాడునప్పుడు "హార్ట్ బ్లాక్" అను వ్యాధిని గూర్చి వినెను. గుండె పైగదులలో పుట్టు విద్యుత్ సంకేతము క్రిందిగదులకు చేరక మార్గమధ్యమున ఆగిపోవుటయే ఆ వ్యాధి. ఆ సంకేతమును బయటినుండి ఇయ్యవచ్చునని అతనికి తోచెను. కాని ఆనాటి శూన్యనాళముల యంత్రములు, బ్యాటరీలు మనుష్యుని ఛాతీలో పట్టునవి కావు. ఆలోచన ఆలోచనగానే యుండెను.

1950ల నడుమ అతడు బఫెలో నగరమున పనిచేయుచు, గుండెచప్పుళ్లను నమోదు చేయుటకు ట్రాన్సిస్టరుతో ఒక సాధనమును కట్టుచుండెను. అందులో 10,000 ఓముల నిరోధకము పెట్టవలసియుండగా, పొరపాటున 10 లక్షల ఓములది పెట్టెను. నిరోధకముల విలువను వాని మీది రంగుల పట్టీలు తెలుపును. గోధుమ, నలుపు, నారింజ వరుసగా ఉన్నచో 10,000. చివరి పట్టీ ఆకుపచ్చయైనచో 10 లక్షలు. ఒక్క పట్టీ భేదము! ఆ యంత్రము సెకనులో వేయింట రెండు వంతులకంటె తక్కువసేపు మ్రోగి, ఒక సెకను ఊరకుండి, మరల మ్రోగెను. గుండె కొట్టుకొనుటయు అట్లే కదా. అది చూచిన మఱియొకడు నిరోధకమును మార్చివేసి తన పని చూచుకొనియుండును. గొఱ్ఱెల క్షేత్రములో విన్న మాట జ్ఞప్తియందున్నవాడు గనుక గ్రేట్‌బ్యాచ్ ఆగి చూచెను.

ఆ పిమ్మట విలియం చార్డాక్ అను శస్త్రవైద్యునితో కలిసి 1958లో ఒక కుక్క గుండెపై పరీక్షించి ఫలితము పొందెను. అదే సంవత్సరము అక్టోబరున స్వీడను దేశమున వేఱొక పేస్‌మేకరును మనుష్యుని శరీరములో అమర్చియుండిరి. అది కొన్ని గంటలే పనిచేసెను. గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగము మాని, తాను కూడబెట్టిన 2,000 డాలర్లతో ఇంటి వెనుక కొట్టములో 50 పేస్‌మేకర్లను చేసెను. 1960లో వానిలో కొన్ని రోగులకు అమర్చబడెను. చార్డాక్ పనిచేసిన ఆస్పత్రి బఫెలోలో మాజీ సైనికులకై ప్రభుత్వము నడపునది యగుట గమనింపదగినది. 2001లో వచ్చిన బహుమానము వెనుక 1944 నాటి చట్టమును, నెలకు 75, 90 డాలర్ల కూటిడబ్బును ఉన్నవి.

ఆ 1944వ సంవత్సరముననే మన దేశములోను ఒక పథకము పుట్టినది. ఎస్.సి. విద్యార్థులకు మెట్రిక్యులేషనుకు పైబడిన చదువులకై ఇచ్చు పోస్ట్ మెట్రిక్ వేతనము అప్పుడు మొదలైనది. ఆనాడు వైసరాయి కార్యనిర్వాహక సభయందు సభ్యుడుగా నుండిన డాక్టరు అంబేడ్కరు స్వయముగా వేతన విద్యార్థియే. 1913లో బరోడా సంస్థానపు వేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లినవాడు. నెలకు పదకొండున్నర పౌనులు ఆ వేతనము.

పోస్ట్ మెట్రిక్ వేతనమునందును జి.ఐ. బిల్లునందు వలెనే రెండు పాళ్లున్నవి. ఒకటి ఫీజు, రెండవది పోషణము. తెలంగాణమున ఈ-పాస్ దరఖాస్తులు చేసినవారు ట్యూషన్ ఫీ, మెయింటెనెన్స్ ఫీ అను రెండు మాటలను ఎఱుగుదురు. ఈ రెంటిలో ఫీజును గూర్చియే అందఱును మాటలాడుదురు. చదువు మానిన విద్యార్థుల కుటుంబములను అడిగి చూచిన, పోషణపు పాలు చాలకపోవుటయో, ఆలస్యముగా వచ్చుటయో తఱచు వినవచ్చును. బయోమెడికల్ ఇంజనీరింగు వంటి చదువులో ఇది మఱింత కష్టము. ప్రయోగశాల, ఆస్పత్రి, కళాశాల, మూడింటికి తిరుగవలసియుండుటచే సాయంకాలపు పనులు చేసి సంపాదించుకొనుటకు వీలు తక్కువ.

బి.టెక్. చదువు బాలికలకు ఏ.ఐ.సి.టి.ఇ. వారి ప్రగతి వేతనము కలదు. ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబాదాయము 8 లక్షలకు మించరాదు. ఒక కుటుంబమునుండి ఇద్దఱు బాలికల వఱకు పొందవచ్చును. దివ్యాంగులైన విద్యార్థులకు అట్టిదే సక్షమ్ అను వేతనము కలదు. ఈ సక్షమ్ వేతనమును ఈ శాఖ విద్యార్థులు ఎంత ఎక్కువగా పొందిన అంత మంచిది. కృత్రిమ పాదము ఎచ్చట ఒరయునో తొడిగినవానికి తెలిసినంతగా ఎవరికి తెలియును?

ఇక ఒక వ్యక్తి ధనము ఒక శాస్త్రమునే నిలువబెట్టిన కథ చెప్పవలెను. అంకస్ విటేకర్ అను అమెరికా ఇంజనీరు 1900లో జన్మించి, 1941లో ఏ.ఎం.పి. అను పేర ప్రసిద్ధమైన కంపెనీని స్థాపించెను. సోల్డరింగు లేకయే తీగల కొనలను నొక్కి బిగించు చిన్న లోహపు తొడుగులు వారి సరకు. విమానములలోను, ఓడలలోను తీగలు వేలకు వేలు గనుక, ఆ చిన్న తొడుగులే పెద్ద సంపద తెచ్చినవి. అతడు 1975లో మరణించెను. అతని ఆస్తితో విటేకర్ ఫౌండేషను ఏర్పడెను. ఇంజనీరింగును వైద్యమునకు వినియోగించుటయే దాని పని.

ఆ కాలమున ఈ విద్యకు పెద్ద చిక్కొకటి యుండెను. ఆరోగ్య పరిశోధనకు ధనమిచ్చు ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క శాఖగా విభజింపబడియుండెను. గుండెకు ఒకటి, క్యాన్సరునకు ఒకటి. అన్ని వ్యాధులకును ఉపకరించు యంత్రము కట్టువానికి అందులో సొంత ఇల్లు లేదు. ఇంజనీరింగునకు ధనమిచ్చువారికి వైద్యము పరాయిది. రెండు ఊళ్లకు చుట్టమైనవానికి ఏ ఊరిలోను విస్తరి వేయనట్లు, ఈ విద్యార్థి రెండు చోట్లను పస్తుండెను. విటేకర్ ఫౌండేషను యువపరిశోధకులకు గ్రాంట్లు, పట్టభద్రులకు ఫెలోషిప్పులు, విశ్వవిద్యాలయములకు కొత్త శాఖలు తెఱచుటకును భవనములు కట్టుటకును ధనము ఇచ్చెను. ఇట్లు వెచ్చించినది మొత్తము 70 కోట్ల డాలర్లకు పైమాట.

ఈ సంస్థను గూర్చి నాకు మిక్కిలి విశేషముగా తోచునది వేఱొకటి. మన దేశమున దాత నిధిని బ్యాంకులో వేసి, వడ్డీతో ఏటేట ఒకరిద్దఱు విద్యార్థులకు ఇచ్చి, ఆచంద్రార్కము తన పేరు నిలువవలెనని కోరును. విటేకర్ సంస్థవారు మూలధనముతో సహా వెచ్చించి సంస్థనే మూసివేయుటకు నిర్ణయించుకొని, 2006లో మూసిరి. కొద్దికొద్దిగా నూఱేండ్లు ఇచ్చుటకంటె, ఒక తరములో ఒక్కసారి గట్టిగా ఇచ్చిన యెడల ఈ శాఖ తన కాళ్లపై తాను నిలుచునని వారి తలంపు. అది సాగినదా? 2000 డిసెంబరున అమెరికా ప్రభుత్వము బయోమెడికల్ ఇమేజింగు, బయోఇంజనీరింగులకు ప్రత్యేకముగా ఒక జాతీయ సంస్థను చట్టముచే నెలకొల్పెను. చిన్న ట్రస్టులు ఈ పద్ధతిని అనుసరింపవలెనని నేననను. ఏటేట ఒక బీద విద్యార్థి ఫీజు కట్టు నిధి ఎన్నడును మూయదగినది కాదు. కొత్త విద్యను నాటుట వేఱు, ఉన్న చెట్టుకు నీరు పోయుట వేఱు.

విదేశములకు పోదలచినవారు మోసపోకుండ కొన్ని సంగతులు తెలిసికొనవలెను. అమెరికాలో పేరుపొందిన వేతనములు అనేకములు ఆ దేశపు పౌరులకును, శాశ్వత నివాసులకును మాత్రమే. 1952 నుండి నడచుచున్న నేషనల్ సైన్స్ ఫౌండేషను ఫెలోషిప్పు అట్టిది. మన విద్యార్థి దానికి దరఖాస్తు చేసి ప్రయోజనము లేదు. ఐతే డాక్టరేటుకు చేరిన ఇంజనీరింగు విద్యార్థికి ఏ దేశస్థుడైనను సాధారణముగా ఆచార్యుని పరిశోధన నిధినుండి నెలజీతమును, ఫీజు మినహాయింపును లభించును. మాస్టర్సు చదువువారికి అట్టి సహాయము తఱచు ఉండదు. ఈ ఒక్క భేదము తెలియక పొలములు తాకట్టు పెట్టినవారు కలరు. మన దేశమున పిహెచ్.డి. చేయుచున్నవారు కొన్ని నెలలు అమెరికాలో పరిశోధన చేసి వచ్చుటకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్పు కలదు. దానికి మూలమైన ఒప్పందము రెండు ప్రభుత్వముల మధ్య 1950లో జరిగినది. జంషెడ్జీ టాటా 1892లో ఏర్పఱచిన జె.ఎన్. టాటా ఎండోమెంటు ఇచ్చునది ఋణవేతనము, తీర్చవలసినదే.

మన తెలుగువాడగు యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలిభాగమున హార్వర్డునకు వెళ్లినప్పుడు అతనికి విశ్వవిద్యాలయ వేతనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి వాగ్దానమును, మామగారు కూర్చిన సొమ్మును పట్టుకొని ఓడ ఎక్కినవాడు. బోస్టనులో పగలు చదివి, రాత్రులు ఆస్పత్రిలో రోగులకు పాత్రలందించి శుభ్రపఱచు సేవకుడుగా పనిచేసెను. 1925లో ఫిస్కేతో కలిసి రక్తములోని ఫాస్ఫరసును రంగు గాఢతచే కొలుచు పద్ధతిని వెల్లడించెను. దానిని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యందురు. కష్టపడి పైకి వచ్చినాడని ఈ కథను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ రాత్రులు కూడ ప్రయోగశాలలో గడిపియున్న ఏమయ్యెడిదో ఎవరును లెక్కవేయరు.

స్వదేశమున పైచదువులకు ముఖ్యద్వారము గేట్ పరీక్ష. పూర్వము ఈ శాఖవారు ఎలక్ట్రానిక్సు మొదలగు ఇతర శాఖల ప్రశ్నపత్రములు వ్రాయవలసియుండెడిది. 2020 నుండి బయోమెడికల్ ఇంజనీరింగునకే ప్రత్యేక పత్రము ఏర్పడినది. అర్హత పొంది ఎం.టెక్.లో చేఱిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయల వేతనము. ఐ.ఐ.టి. మద్రాసు, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి, తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ, ఈ మూడును కలిసి క్లినికల్ ఇంజనీరింగు అను ఎం.టెక్. చదువును నడిపినవి. శ్రీ చిత్ర సంస్థయే మన దేశపు కృత్రిమ హృదయ కవాటమును తయారుచేసినది. ఒకదాని వెంట ఒకటిగా నమూనాలు విఫలము కాగా, తుదకు 1990 డిసెంబరు 6వ తేదీన దానిని మొదటి రోగికి అమర్చిరి. ఆ విఫలమైన నమూనాల కాలమంతయు ఇంజనీర్లకు జీతము నడచినది గదా! బహుమానము కొఱకు వేచియుండిన యెడల ఆ కవాటము పుట్టియుండదు.

పరిశోధక వేతనమునకు వచ్చిన యెడల, జూనియర్ రీసెర్చి ఫెలోకు 2019 వఱకు నెలకు 25,000 రూపాయలు, ఆ యేడు 31,000, 2023 జనవరి మొదలు 37,000. ఈ పెంపుదలలు ఊరక రాలేదు; దేశమంతట పరిశోధక విద్యార్థులు వీథులలో నిలిచి అడిగిన పిమ్మట వచ్చినవి. 2018లో ప్రకటింపబడిన ప్రధానమంత్రి పరిశోధక వేతనము ఇంతకంటె పెద్దది. మొదటి రెండేండ్లు నెలకు 70,000, మూడవ యేడు 75,000, తర్వాత రెండేండ్లు 80,000, ఇవి గాక ఏటికి 2 లక్షల పరిశోధన వ్యయము అని ఏర్పఱచిరి. దానిని పొందినవారు వారమునకొకమాఱు సమీప కళాశాలలోనో, పాలిటెక్నిక్కులోనో పాఠము చెప్పవలెనను నియమము నాకు మిక్కిలి నచ్చినది.

వీనికి భిన్నమైనది బయోడిజైన్ ఫెలోషిప్పు. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పుట్టిన ఈ పద్ధతిని మన బయోటెక్నాలజీ శాఖ సహాయముతో ఢిల్లీలోని ఎయిమ్సు, ఐ.ఐ.టి.లు చేపట్టినవి. ఐ.ఐ.టి. హైదరాబాదులోను ఆరోగ్య సాధనముల రూపకల్పనకు ఒక సంవత్సరపు ఫెలోషిప్పు నెలకొల్పిరి. ఇందు ఇంజనీర్లును వైద్యులును ఒకే జట్టుగా చేఱుదురు. తొలినాళ్లలో వారు ఏమియు కనిపెట్టరాదు. ఆస్పత్రి వార్డులలోను, శస్త్రచికిత్స గదులలోను, పల్లె వైద్యశాలలలోను తిరిగి, నర్సు ఎచ్చట తడబడుచున్నదో, రోగి ఎందులకు రెండవమాఱు రాకున్నాడో చూచి, ఆ కొఱతలను పుస్తకములో వ్రాసికొనవలెను. అట్లు వ్రాసిన వందల కొఱతలలోనుండి ఒక్కదానిని ఏరుకొన్న పిమ్మటనే చేతికి పనిముట్లు తీసికొందురు. చూచుచు తిరిగిన ఆ నెలలకును వారికి వేతనము ముట్టుచుండును.